పదికి ఎంత

ఆ ఉదయం పదకొండో ఫోను పెట్టేసి జోసఫిన్ కాగితం మీద ఆరు అని వేసింది. అమెరికాలో షామ్‌బర్గ్‌ అనే ఊళ్ళోని ఆ క్లినిక్‌లో ఆమె ఉద్యోగం అదే. నెలసరి నొప్పికి అయస్కాంతం పనిచేస్తుందా అని డాక్టర్లు పరీక్ష పెట్టారు. సగంమంది ఆడవాళ్ళకి పొత్తికడుపు మీద కట్టుకోవడానికి అసలు అయస్కాంతం, మిగతావాళ్ళకి అచ్చం అలాగే ఉండే ఉత్తి బిళ్ళ. ఎవరిది ఏదో వాళ్ళకీ తెలియకూడదు, జోసఫిన్‌కీ తెలియకూడదు. నెలనెలా ఫోన్ చేసి, నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకోవాలి.

నలభై రెండేళ్ళ పొట్టి మనిషి. ఈరోజు ఆమెకే నెలసరి రెండో రోజు. టేబులు అంచుకి పొట్ట అదిమిపెట్టి ఎదుటివాళ్ళ నొప్పులు రాస్తోంది. పెళ్ళయితే తగ్గుతుందంది అమ్మ, కాన్పయితే తగ్గుతుందంది అత్తగారు. రెండు కాన్పులయ్యాయి, తగ్గలేదు. పరీక్షలో చేరతానంటే స్టాఫ్‌కి కుదరదన్నారు.

అందుకే లూసీని చూస్తే ఆమెకి ఓర్వలేనితనం. తెలుగు చర్చిలో ఇద్దరిదీ ఒకే బెంచి. లూసీని పరీక్షలో చేర్పించింది జోసఫినే. మొదటి నెల ఎనిమిదన్న లూసీ తర్వాత నాలుగంది, మూడు నెలలుగా ఒకటంటోంది. ఆదివారం ఆ నవ్వుముఖం పక్కన కూర్చుంటే జోసఫిన్‌కి ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు. దేవుడు కూడా మనిషిని చూసి వడ్డిస్తాడనిపించేది.

మధ్యాహ్నం లూసీ బిళ్ళ తిరిగివ్వడానికి వచ్చింది. భర్తకి దూరాన హెర్న్‌డన్‌లో కొత్త ఉద్యోగం, సాయంత్రమే ఇల్లు ఖాళీ చేసి ప్రయాణం. ఏ బిళ్ళ ఏదో తెలిసిపోతుందని, స్టాఫ్ ఒంటిమీద ఇనుప వస్తువులేవీ ఉండకూడదని ఇక్కడ రూలు. కానీ గాజుకి పిన్నీసులు లేకుండా ఉండటం జోసఫిన్‌కి చేతకాదు. బిళ్ళ అందుకుంటుంటే అవి దానికి తగిలాయి. అంటుకోలేదు.

ముందు సంతోషమే కలిగింది. ఒక్క మాటతో ఆ ఒకటిని మళ్ళీ ఎనిమిది చేయొచ్చు. చెబితే ఉద్యోగం పోతుందనీ తెలుసు.

"లూసీ, ఇందులో మ్యాగ్నెట్ లేదు. చూడు," అని పిన్నీసు ఆనించి చూపించింది.

లూసీ అటు చూడనైనా లేదు. "తెలుసక్కా. మొదటి నెలే నా పిన్నీసు పెట్టి చెక్ చేశాను."

"మరి తగ్గిందని అబద్ధం చెప్పావా?"

"నిజంగానే తగ్గిందక్కా. మీరు ఫోన్ చేసి ఎంతుంది లూసీ అని అడిగేవాళ్ళు కదా. ఆ కాల్ కోసం వెయిట్ చేసేదాన్ని. మా ఇంట్లో ఎవరూ అడగరు."

జోసఫిన్‌కి ఒళ్ళు మండింది. తన నోటిమాటే మందయితే, అది ఊరందరికీ పనిచేసి తనకి మాత్రం అందదు. అడిగే మనిషి దొరికినందుకు కూడా లూసీ మీద అసూయే పుట్టింది.

లూసీ కోటు వేసుకుంటూ ఆగింది. "మీకెంతక్కా?"

"ఏంటి?"

"పదికి."

జోసఫిన్ పిన్నీసుని మళ్ళీ గాజుకి తగిలించుకుంది. "తొమ్మిది," అంది చివరికి. ముప్పై ఏళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

లూసీ తలూపి, చేతిసంచిలోంచి ఏదో తీసి ఎదుటి కుర్చీలో పెట్టింది. "నాకింక అక్కర్లేదు. వస్తానక్కా."

లూసీ వెళ్తూ తలుపు వేసిన చప్పుడు విని, జోసఫిన్ ఆమె కాగితం మీద ఒకటి అనే వేసి, అప్పుడు కుర్చీ వైపు చూసింది. పొట్టకి కాపడం పెట్టుకునే, రంగు వెలిసిన ఎర్ర రబ్బరు హాట్ వాటర్ బ్యాగు, మూత దగ్గర దారం చుట్టి, చిన్న తువ్వాలు మీద ఉంది.