అక్క నిద్రపోయిన రెండు కార్లు

మా కంపెనీ కారు చవకది, బావ వాళ్ళ కంపెనీది ఖరీదైనది. రెండు కంపెనీలనూ ఒకే యజమాని కొన్నాక అడుగు చట్రం, ఇంజను, ఇరుసులు అన్నీ ఒకటే అయిపోయాయి. పైన రేకు వంపులు, ముందుండే కంపెనీ బొమ్మ మాత్రం వేరు. ఒకే తాను గుడ్డను రెండు దుకాణాల్లో రెండు ధరలకు అమ్మడమన్నమాట. స్ప్రింగులు సర్ది కుదుపు ఎంత మెత్తగా ఉండాలో తేల్చే పని ఒక్కటే ఇంకా విడిగా మిగిలింది. మా కారుకు ఆ పని నాది, వాళ్ళ కారుకు మా అక్క మొగుడిది.

"ఒక పనికి ఇద్దరెందుకు?" అన్నాడు కొత్త మేనేజరు. రెండు కార్లకూ తేడా తెలిస్తే ఇద్దరమూ ఉంటాం, తెలియకపోతే ఒక్కరు చాలు. ఆ ఒక్కరు బావే అవుతాడని వేరే చెప్పక్కర్లేదు, సీనియరు కదా.

తేడా తేల్చడానికి మా షెడ్డు పాత పద్ధతే పెట్టారు. వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి గతుకుల దారిలో తిప్పుతాం. ఎక్కడ కునుకు పట్టిందో, ఎక్కడ ఉలిక్కిపడ్డారో చూస్తాం. యంత్రం చెప్పనిది నిద్ర చెబుతుందని మా నమ్మకం. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఈసారి అక్కను పిలిచారు. నడుముకు ఆపరేషన్ అయినప్పటి నుంచి చిన్న కుదుపుకే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది. పందెం ఏమిటో మాత్రం ఆవిడకు చెప్పకూడదన్నారు.

పొద్దున్నే బయలుదేరాం, పొగమంచు ఇంకా విడలేదు. బొమ్మలు కనబడకుండా రెండు కార్లకూ గుడ్డ చుట్టారు, లోపల సీట్లకూ అదే తెల్లగుడ్డ. బావ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ముందు వాళ్ళ కారు. దారి కనబడలేదు, గతుకులూ తెలియలేదు, నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. మలుపు దగ్గర అక్క తల కుడిపక్కకు వాలింది. నిద్రలో ఏదో గొణిగి నవ్వింది.

దిగి నా కారెక్కాం. అదే తెలుపు, అదే నిశ్శబ్దం. అదే మలుపులో అక్క తల అదే పక్కకు వాలింది, మళ్ళీ నవ్వింది. మొదటి కారులో మొదలైన కల ఇక్కడ పూర్తవుతోందేమో అనిపించింది.

స్ప్రింగులు సర్దేటప్పుడల్లా నేను అక్క నడుమునే తలచుకునేదాన్ని. బావ ఎవరిని తలచుకున్నాడో అద్దంలోంచి వెనక్కి చూస్తున్న ఆ కళ్ళే చెప్పాయి. ఒకరికొకరం చెప్పుకోకుండా ఇద్దరం ఒకే కారు చేశాం. నాకు భయమేసింది.

అక్క కళ్ళు నులుముకుంటూ దిగింది. "మళ్ళీ అదే కారెక్కించారేంటే?"

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ మేనేజరు విన్నాడు.

"నిద్రమత్తులో అంటోంది సార్," అన్నాడు బావ గబగబా. "రెండూ వేరు. మాది మెత్తన, మరదలిది కాస్త మొరటు."

అబద్ధమాడడం రాని మనిషి నాకోసం ఆడుతున్నాడు. తలూపి ఊరుకుంటే సరిపోయేది. కానీ నా నోరు మంచిదైతే ఊరెప్పుడో మంచిదయ్యేది.

"రెండూ ఒకటే సార్," అన్నాను. "వాళ్ళది ఎంతో మాదీ అంతే."

"అయితే ఒక్కరు చాలు," అని మేనేజరు షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

బావ ముఖం పాలిపోయింది. "కాసేపు నోరు మూసుకుంటే నీ కుర్చీ నీకుండేది కదమ్మా."

"ఉండేది బావా. నా కారు మొరటుదని ఒప్పుకుని కూర్చోవాలి, అంతే."

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమైందర్రా? నేనేమైనా తప్పు చెప్పానా?"

"లేదక్కా," అన్నాను. ఏడుపొస్తోంది, అంతకు మించి గర్వంగా ఉంది. "ఇక్కడ నిజం చెప్పింది ముందు నువ్వే."