పిందె లేని పూలు

వర్క్‌షాపులో ఆ ఫిట్టర్ని అందరూ 'మైకు' అంటారు. ఎవరికి అన్యాయం జరిగినా ముందు లేచే గొంతు అతనిదే. కూర్చుని తినేవాళ్ళంటే ఒళ్ళు మంట. ఆ మంట కాస్తా పెరట్లో దోసపాదు మీద పడింది.

పాదు భార్యది. మట్టి గుల్ల చేసి, ఎరువు కలిపి, వేలి కణుపు లోతున గింజలు నాటింది. గింజలిచ్చింది గోడవతల బట్టలు కుట్టే అక్క. వాళ్ళమ్మ కాలం నుంచి ఏటా ఒక కాయను ముదరనిచ్చి దాచుకుంటూ వస్తున్న విత్తనం అది.

తీగ పందిరెక్కి పూసింది. కొన్ని పూల కింద బుల్లి పిందె, కొన్నిటి కింద ఉత్త కాడ. కాయనివాటికి తీగ బలం దండగ కాదూ? రోజూ భార్య లేవకముందే ఆ ఉత్త పూలు గిల్లి ఎరువుగుంటలో పారేశాడు మైకు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

పిందెలు పండుబారి రాలిపోయాయి. ఒక్కటీ నిలవలేదు.

ఆ ఉదయం భార్య గోడ దగ్గర నిలబడి దులిపేసింది.

"చచ్చు గింజలిచ్చావు వదినా! నీళ్ళు మోసి మోసి నా నడుం పడిపోయింది."

"నా గింజలా? ఏదీ, చూడనీ." అక్క గోడ మీంచి మెడ సాచింది. "మగపూలేవే? పిందె లేకుండా పూస్తాయి చూడు, అవి. వాటి పుప్పొడి పడకపోతే పిందె ఎలా నిలుస్తుంది?"

"అలాంటివి ఒక్కటీ లేవు. అందుకేగా చచ్చువంటున్నా!"

పళ్ళు తోముకుంటున్న మైకు చెయ్యి ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వేళ్ళకంటిన పుప్పొడి చొక్కాకి తుడుచుకున్నాడు. నోట్లో నురగుంది కదా, ఎలా మాట్లాడను అనుకున్నాడు. ఉమ్మేశాక కూడా మాట్లాడలేదు.

"మా అమ్మ విత్తనం చెడిందా..." అనుకుంటూ అక్క లోపలికి వెళ్ళిపోయింది.

పగలంతా ఆకురాయితో ఇనుము అరగదీస్తుంటే అదే మాట చెవిలో. ఫోర్‌మన్ని నిలబెట్టి కడిగేసే నోరు, సాయంత్రం పక్కింటి గుమ్మంలో ఎండిపోయింది.

"అక్కా, విత్తనం మంచిదే. మగపూలు నేనే గిల్లేశా. సోమరిపూలనుకున్నా."

కుట్టుమిషను ఆగింది. "పొద్దున అక్కడే ఉన్నావుగా?"

"ఉన్నా."

"మరి ఊరందరికీ మోగే మైకు అప్పుడేమైంది?"

"నోట్లో నురగుందక్కా," అన్నాడు.

"మిగిలిన గింజలన్నీ మధ్యాహ్నం పొయ్యిలో పోసేశా తమ్ముడూ. చెడిన విత్తనం ఇంకో ఇంటికి పోకూడదని." ఆమె బట్ట మీద చెయ్యి తీయలేదు. "ఇక ఉన్నది మీ తీగే. రేపు మగపువ్వొకటి కోసి ఆడపువ్వుకి అద్దు. కోయడం నీకు బాగా వచ్చుగా! మొదటి కాయ నాది. విత్తనానికి ముదిరేదాకా దాని జోలికి పోయావో, చూడు. ముందు మీ ఆవిడకి చెప్పు."

చెప్పాడు.

మర్నాడు ఒక్కటే మగపువ్వు విచ్చుకుంది. కోసి ఆడపువ్వుకి అద్దబోయాడు.

"మెల్లగా," అంది వెనకనుంచి భార్య. "దాన్నైనా బతకనివ్వండి."

గోడవతల మిషను చప్పుడు లేదు. అక్క గోడ మీంచి చూస్తోంది.