తొట్టి దగ్గర నేర్చిన మాటలు

చేతులు తొట్టిలో గాజు గ్లాసులు కడుగుతున్నాయి. పెదవులు మాత్రం చెక్ భాష మాటలు నములుతున్నాయి. "దోబ్రీ దెన్... అంటే నమస్కారం... రొజుమీమ్..."

కార్ఖానాలో అందరూ ఆమెను పిల్లి అంటారు. వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. పొద్దస్తమానం నీళ్లలో నానీ నానీ ఆమె వేళ్ల సందుల్లో చర్మం చిట్లింది. ఇంతలో గ్లాసుల మీద పువ్వులు చెక్కే కొత్త యంత్రం వచ్చింది. దాన్ని బిగించి, పని నేర్పడానికి చెక్ దేశపు మెకానిక్కూ వచ్చాడు. ఆయన ఎవరిని చూపిస్తే వాళ్లకే ఆ యంత్రం. తొట్టిని వదిలించుకునే దారి అదొక్కటే.

అప్పటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోనులో పాఠాలు వినడం, ఇంట్లో వదిన మీద ప్రయోగించడం.

"రొజుమీమ్ అంటే ఏంటే?" కూర కలుపుతూ అడిగింది వదిన.

"అర్థమైంది అని. మనలాగే, 'నేను' అనక్కర్లేదు వదినా. ముందు 'నె' చేరిస్తే అర్థం కాలేదని."

"ఆ 'నె' జోలికి పోకు. ఆయనేమన్నా గంగిరెద్దులా తలూపెయ్. అర్థం కాలేదన్నావో, మళ్లీ తొట్టే నీ గతి."

మెకానిక్కు యంత్రం నడిపి చూపించే రోజు రానే వచ్చింది. మెకానిక్కు మీట నొక్కాడు, తిరిగే రాయిని చూపించాడు, గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పుకుపోయాడు. "రొజుమీమ్, రొజుమీమ్," అన్నాడు, తనూ యంత్రం మీద ఆశపడి వచ్చిన ప్యాకింగు అతను. పొద్దున ఆమె దగ్గర నేర్చుకున్న మాటే.

ఆమె చూపు మెకానిక్కు బొటనవేలి మీద పడింది. సగమే ఉంది. ఆయన పదే పదే చూపిస్తున్నది దాన్నే.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "రొజుమీతె?"

"ఊఁ అనవే!" వెనక నుంచి మేస్త్రీ గొణిగాడు.

ఆమె ఆ సగం వేలి వైపు మళ్లీ చూసింది. "నెరొజుమీమ్. పోమలు, ప్రొసీమ్." అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి అని.

"కొంప ముంచావు కదే పిల్లీ!" మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు.

మెకానిక్కు యంత్రం ఆపేశాడు. స్టూలు లాక్కొచ్చి ఆమెను కూర్చోబెట్టి, ఒక్కో భాగం మీదా వేలు పెట్టి మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. ప్యాకింగు అతను కూడా మెల్లగా దగ్గరికి జరిగాడు.

ఎవరికి యంత్రమో ఆ రోజు తేలలేదు. ఇంట్లో వదిన సణుగుడు, పక్క మీద నిద్ర పట్టని దొర్లుడు.

మర్నాడు అలవాటుగా మోచేతుల దాకా తొట్టిలో చేతులు ముంచింది.

"పోమలు!" అవతలి నుంచి కేక. మెకానిక్కు యంత్రం ముందున్న స్టూలు తట్టి, వచ్చి కూర్చోమని చూపిస్తున్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది.

'మెల్లగా' అని అర్థమొచ్చే ఆ కొత్త పిలుపు అందుకుని, తడి చేతులతోనే ఆమె పరుగెత్తింది.