ఒంటి బెల్లు

ఆ గదికి తలుపు లేదు. జిప్పు ఉంది.

అడవి నడుమ గట్టి కాన్వాసు గుడ్డతో వేసిన డేరా అది. లోపల మంచాలు, అద్దం, కుళాయి, ఉతికిన తువాళ్ళు అన్నీ అమర్చారు. గడియ మాత్రం లేదు. గ్యాసు కట్టేశానో లేదో అని దిగిన మెట్లు మళ్ళీ ఎక్కే ఇల్లాలికి, వేసిన తాళాన్ని పట్టుకు వేలాడితే గానీ నమ్మకం కుదరని మనిషికి, అది మింగుడు పడలేదు. ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది, చేతిసంచీకి వేసినట్టు గదికి జిప్పు లాక్కుని పడుకోవడానికా?

“సింహానికి జిప్పు తియ్యడం రాదులేవోయ్,” అన్నాడు ఆమె భర్త, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

“చింపడం వచ్చుగా,” అంది ఆమె.

సంచీలో చెయ్యి పెట్టి ఇంటి తాళంచెవిని తడుముకుంది. ఈ దేశంలో దానితో తెరుచుకునేది ఏదీ లేదు. అయినా చేతికి తగిలితే కాస్త ధైర్యం.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎన్నో ఊళ్ళకి టికెట్లు కొట్టాడు గానీ, ఏ ఊళ్ళోనూ టీ తాగేంతసేపుకి మించి నిలబడలేదు. ‘ఒక్కసారి నేనూ ప్యాసింజరులా కూర్చోవాలి, గొలుసు లేని ఏనుగుని చూడాలి’ అన్నది ఆయన కోరిక. మీరిద్దరే వెళ్తే భాష రాని చోట తప్పిపోతారని ఆయన అక్కగారు కూడా బయల్దేరింది. ఆవిడకీ ఆ భాష రాదు. పక్క డేరాలో దిగి, వచ్చినప్పటి నుంచీ దిండు మెత్తగా లేదని తమ్ముణ్ణి నిలదీస్తోంది.

తెల్లారగానే బండి వచ్చింది. పైన గుడ్డ కప్పు, పక్కలకి ఇనుప కమ్ములు, అంతే. కిటికీ అద్దాలు లేవు. ఎక్కడానికి వెనకవైపు ఒక మెట్టు. ఆ మెట్టు పక్క సీటుని ఆయన చూస్తూనే ఆక్రమించాడు.

“కండక్టరు సీటు,” అన్నాడు గర్వంగా.

డ్రైవరు ఆ దేశపు మనిషి. నెమ్మదిగా, విడివిడిగా ఇంగ్లీషులో చెప్పాడు. కాలేజీలో చదువుకున్నందుకు ఆమె దాన్ని మిగతా ఇద్దరికీ తెలుగులో అప్పజెప్పింది.

“బండిలో కూర్చున్నంతసేపూ మనమూ బండీ కలిసి ఒకటే జంతువుట. కింద కాలు పెడితే మనం వేరే జంతువుట. దిగకూడదు. అరవకూడదు. విన్నారా?”

“నాకెందుకు చెప్తావమ్మాయ్, నేనేమన్నా నోరున్న మనిషినా?” అంది వదిన.

బండి కదలబోయే ముందు కండక్టరు తన ఉంగరంతో కమ్మి మీద టంగు టంగుమని రెండు కొట్టాడు. డ్రైవరు ఏదో ఊడిందనుకుని వెనక్కి తిరిగాడు. బస్సులో రెండు బెల్లులంటే పోనిమ్మని, ఒక్కటి కొడితే ఆపమని ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి ఆ రెండూ పడితే గానీ బండి తియ్యలేదు.

“మా తమ్ముడికి పెన్షనొచ్చింది గానీ డ్యూటీ దిగలేదు,” అంది వదిన.

ఆమెకి నవ్వు రాలేదు. ఇంటి దగ్గరా ఇదే తంతు. ఆయన డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడతాడు, ఆమె కింద మోటారు మీట దగ్గర. ట్యాంకు నిండితే పైపు మీద ఒక దెబ్బ, ఆపెయ్యమని. రెండైతే వెయ్యమని. ఫోను చెయ్యొచ్చు కదా అంటే, “ఫోనుకి ఛార్జింగు అయిపోతుంది, పైపుకి అవదు” అంటాడు. ఇంజను హోరులో బతికి ఆయనకి ఎడమ చెవి మందగించింది. వంటింట్లోంచి గొంతు చించుకున్నా పలకడు గానీ, గరిటెతో కిటికీ చువ్వ మీద ఒక్కటి వేస్తే మొక్కలకి పోస్తున్న చెంబు గాల్లోనే ఆగిపోతుంది. రెండేస్తే భోజనానికి వచ్చేస్తాడు. ఇరుగుపొరుగు నవ్వుతారని ఆమె ఎన్నిసార్లు గొణిగిందో లెక్కలేదు.

ఎండ ఎక్కేసరికి చారల గుర్రాలు కనిపించాయి. చెట్ల మీంచి తల పెట్టి చూసే జిరాఫీలు కనిపించాయి. వదిన, “దీని మెడకి కండువా నెయ్యాలంటే మగ్గం చాలదు” అంది. అందరూ కళ్ళు విప్పార్చుకుని చూశారు. ఆమె మాత్రం వాటి కళ్ళ వంక చూసింది. అవి అన్నీ ఆమెనే చూస్తున్నట్టు అనిపించింది.

తరవాత దారి ఇరుకైంది. రెండు వైపులా పొదలు, ఒకవైపు పొదల వెనక ఎండిన వాగు. మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా చెట్టు పడి ఉంది. విరిగిన చోట కొమ్మ ఇంకా తడిగా ఉంది. డ్రైవరు నవ్వడం మానేశాడు.

“ఏనుగులు పడేశాయట. ఇప్పుడే. తిప్పడానికి చోటు లేదు కాబట్టి వెనక్కి వెళ్తాం అంటున్నాడు,” అంది ఆమె. డ్రైవరు తల బయటికి పెట్టి, వాగు వైపే చూసుకుంటూ మెల్లగా వెనక్కి తీస్తున్నాడు. ఆమె ఆ పడిన చెట్టు వంకే చూస్తోంది, ఏనుగు వస్తే అటు నుంచే వస్తుందన్నట్టు.

“రానీ... రానీ... కాస్త కుడికి... రానీ.”

ఆ గొంతు బండిలోంచి రావడం లేదు. నేల మీంచి వస్తోంది.

ఆమె గిరుక్కున తిరిగింది. మెట్టు పక్క సీటు ఖాళీ. బస్సు వెనక్కి వెళ్తుంటే సీట్లో కూర్చునే కండక్టరు ఎక్కడా ఉండడు. ఆయన కాళ్ళు ఆయన్ని అడక్కుండానే దిగిపోయాయి. వెనక చక్రాల మీద కళ్ళు పెట్టి, రెండు చేతులతో బండిని తనవైపు పిలుస్తూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ పోతున్నాడు.

ఆయన వెనక పొదలు విడిపోయాయి.

మొదట గోడ అనుకుంది. ఆ గోడకి చెవులున్నాయి. అంత శరీరం ఒక్క ఎండుటాకు కూడా చప్పుడు కాకుండా దారి మధ్యకి వచ్చి నిలబడింది. దాని కాళ్ళ సందులోంచి పిల్ల తొంగి చూసింది.

డ్రైవరు అద్దంలో చూసి ఇంజను కట్టేశాడు. అతని పెదవులు మాత్రమే కదిలాయి. “అరవొద్దు. ఇంజను మోగినా మీద పడుతుంది.”

వదిన నోరు తెరిచింది. ‘త’ అనే అక్షరం బయట పడుతుండగానే ఆమె అరచెయ్యి వెళ్ళి ఆ నోటి మీద పడింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తను ఎదురు మాట ఆడని ఆడపడుచు నోటిని అదిమి పట్టింది. వదిన పళ్ళు అరచేతిలో దిగాయి. ఆమె వదల్లేదు.

“ఏమైందయ్యా, ఆపావేం? చోటుందిగా, రానీ,” అంటున్నాడు కండక్టరు, ఇంకో అడుగు వెనక్కి వేస్తూ.

ఆమె రెండో చెయ్యి ఊపింది. ఆయన తలెత్తి చూశాడు. ఆమె చెయ్యి ఊపితే అది కోప్పడటమే అని ఆయనకి తెలుసు. “నువ్వుండవోయ్, ఒక్క నిమిషం,” అని నవ్వి, మళ్ళీ చక్రాల వైపు కళ్ళు దించాడు. ఇంకో అడుగు.

ఏనుగు చెవులు విచ్చుకున్నాయి. తొండం గాల్లోకి లేచి ఆయన వీపు వైపు తిరిగింది.

ఆమె వేళ్ళు సంచీలోకి వెళ్ళాయి. తాళంచెవి దొరికింది. కమ్మి పక్కనే ఉంది. కొట్టబోయి ఆగిపోయింది. చెయ్యి మలేరియా జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఈ వణుకులో తాళంచెవి కమ్మికి తగిలి, మళ్ళీ తగిలిందంటే? రెండు పడితే? రెండంటే పోనిమ్మని. ఆయన ఇంకా వెనక్కే పోతాడు.

మోచేతిని పక్కటెముకలకి అదుముకుంది. ఊపిరి బిగబట్టింది.

టంగ్.

చప్పుడు పుట్టీ పుట్టగానే చేతిని లాగేసుకుని, తాళంచెవిని ఒళ్ళో చీర కుచ్చిళ్ళలోకి పొడిచేసింది.

కండక్టరు ఆగిపోయాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి, తరవాత నెమ్మదిగా నేల మీద ఆనింది. పిలుస్తున్న చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. ఎందుకని అడగలేదు, వెనక్కి తిరగలేదు. ఆమె ముఖం చూశాడు. అందులో ఏం చదువుకున్నాడో గానీ, ఆయన ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది.

ఏనుగు ఒక అడుగు వేసింది. తొండం ఆయన మెడ వెనక దాకా వచ్చి, ఆయన చొక్కాలో గాలి నింపేంతగా బుస్సుమంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె మూసుకోలేకపోయింది. తను రెప్ప వేస్తే ఆ మనిషి ఉండడని అనిపించింది.

పిల్ల ఏనుగు తల్లి కాళ్ళ మధ్య నుంచి బయట పడి, దారి దాటి వాగు వైపు పరుగెత్తింది. తల్లి తల అటు తిప్పింది. మళ్ళీ ఆయన వైపు తిప్పింది. ఏ పక్క తేల్చుకుంటుందో ఆ ఒక్కదానికే తెలుసు. చివరికి చెవులు దించుకుని పిల్ల వెంట వెళ్ళిపోయింది. పొదలు మూసుకున్నాయి.

డ్రైవరు చెవులు రిక్కించి విని, ఆమె వైపు తిరిగి, గాల్లో వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు.

ఆమె రెండు కొట్టింది. కండక్టరు పరుగెత్తలేదు. పడిపోతానేమో అన్నట్టు నేలని చూసుకుంటూ నడిచి వచ్చి మెట్టెక్కాడు. మెట్టు పక్క సీట్లో కూర్చోలేదు. లోపలికి వచ్చి ఆడవాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. డ్రైవరు తన భాషలో ఏదో చాలాసేపు తిట్టాడు. ఎవరూ అర్థం అడగలేదు.

“నా నోరు మూశావేమే,” అంది వదిన, తిరుగుదారిలో.

“మూశాను వదినా.”

వదిన ఆమె చెయ్యి తీసుకుని అరచేతిలో తన పళ్ళ గాట్లు చూసింది. చీర కొంగుతో తుడిచి, ఆ చేతిని మళ్ళీ వదల్లేదు.

డేరాకి చేరాక ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చింది. సగం చొక్కా మీదే పడ్డాయి.

“ఎందుకని అడక్కుండా ఆగిపోయారే,” అంది.

“బెల్లు పడితే అడుగుతారుటోయ్?”

“చెయ్యి వణికింది,” అంది ఆమె. “రెండోది పడేదే. కొంచెంలో తప్పింది. పడుంటే?”

ఆయన లేచి వెళ్ళి జిప్పుని కింద దాకా లాగాడు. చివర కాస్త వదులుగా అనిపించిందేమో, పైకి తీసి మళ్ళీ లాగాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

“నేను చూస్తానుండండి,” అంది ఆమె, లేచి జిప్పు కొస పట్టుకుంటూ.