పసుపు అంటిన వంద డాలర్లు

నేను ఒక వంద డాలర్ల నోటును. నన్ను ఎవరైనా కాగితం అంటే ఒళ్ళు మండుతుంది. నా ఒంట్లో ఉన్నది పత్తి, అవిసె నార. ఆ లెక్కన నేను మీ చొక్కాలకీ చీరలకీ దగ్గర చుట్టాన్ని. అమెరికాలో అచ్చువేసిన రోజున నా మీద బొమ్మలో ఉన్న పెద్దాయన పెదవులు బిగించి ఎలా చూశాడో, ఈరోజుకీ అలాగే చూస్తున్నాడు. లోకం తిరిగినా ఆయనలో మార్పు లేదు.

పుట్టిన దేశంలో నేనున్నది తక్కువే. దుబాయ్‌లో ఒక వ్యాపారి బీరువాలో చాలాకాలం చీకట్లో పడున్నాను. తర్వాత ఒక నర్సు హ్యాండ్‌బ్యాగులో రాజమండ్రి చేరి, డబ్బు మార్చే దుకాణంలో దిగాను. ఏ ఊళ్ళోనైనా మనుషుల తీరు ఒకటే. ముందు నన్ను వెలుతురుకి ఎత్తి దొంగని చూసినట్టు చూస్తారు, ఆ వెంటనే అల్లుడిని చూసినట్టు నవ్వుతారు.

రాజమండ్రిలో నన్ను కొన్నది హైమ. భర్త పోయాక నిడదవోలులో వాళ్ళ రంగుల షాపు తనే నడుపుతోంది. ఆ ఏడాది బాగా అమ్మిన డీలర్లని రంగుల కంపెనీ వాళ్ళు బాలి తీసుకెళ్తామన్నారు. ఒక్కొక్కరికి రెండేసి టిక్కెట్లు. అందరూ భార్యల్ని తెచ్చుకుంటే హైమ అత్తగారిని తీసుకెళ్ళింది.

ఆ అత్తగారి పేరు మంగతాయారు. షాపు ఆవిడ పేరునే ఉంది. చిన్నకొడుకు సూరిబాబు కొన్ని నెలలుగా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ‘వదిన ఒక్కతే ఎన్నాళ్ళు నెట్టుకొస్తుందమ్మా, షాపు నాకిచ్చెయ్’ అని. ‘ఈ వారం మీ వదినని దగ్గరుండి చూస్తాను, తిరిగొచ్చాక చెబుతా’ అని ఆవిడ వాయిదా వేసింది. ఆ వారం షాపు తాళాలు సూరిబాబు దగ్గరే ఉన్నాయి. ఇదంతా హైమకి తెలుసు. తెలిసే విమానం ఎక్కింది.

బయల్దేరే ముందు మంగతాయారు నన్ను దేవుడి దగ్గర పెట్టింది. తడి పసుపు వేలికి తీసుకుని నా నాలుగు మూలలా రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా పెద్దాయన నుదుటి మీద! నాకెవరూ అంత మర్యాద చేయలేదు. పొంగిపోయాను. నా కొంప మునిగిందని బాలిలో గానీ తెలియలేదు.

అక్కడ మూడోరోజు బృందానికి తీరిక. ఎవరి తిండి, ఎవరి బండి వాళ్ళదే. హైమ కార్డు విదేశంలో పనిచేయడం లేదు, అత్తాకోడళ్ళకి ఉన్నది నేనొక్కణ్ణే. మంగతాయారుకి హోటల్ టిఫిన్‌లో కోడిగుడ్డు వాసన పడక కాఫీతో సరిపెట్టుకుంది. నన్ను మార్చి పళ్ళు కొందామని ఇద్దరూ పొద్దున్నే వీధిన పడ్డారు.

మొదటి దుకాణంలో కుర్రాడు నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని, “నో. డర్టీ” అన్నాడు. రెండో దుకాణంలో మాట కూడా లేదు, తల అడ్డంగా ఊపారు. మరకపడిన డాలరుని ఆ ఊళ్ళో ముట్టుకోరట. అక్కడే డబ్బు మార్చుకుంటున్న సాటి డీలరు ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

“డాలరుకి పసుపు కుంకుమలేంటండీ బాబూ! ఎవరు చేశారీ పని?”

మంగతాయారు ముఖం పాలిపోయింది.

“నేనేనండి” అంది హైమ.

బయటికొచ్చాక మంగతాయారు అరుగు మీద కూలబడింది. “సూరిబాబుకి ఫోన్ చెయ్యవే. వాడే ఎవరితోనో మాట్లాడి ఏదో ఒకటి చేస్తాడు.”

హైమ ఫోన్ తియ్యలేదు, వీధి చివరిదాకా చూసింది. వంద డాలర్లు మార్చలేక ఫోన్ చేసిందంటే ఇక షాపు మాట మర్చిపోవాల్సిందే.

“ఇంకొక్క చోట చూద్దాం అత్తయ్యా. అప్పటికీ అవకపోతే చేద్దాం.”

సందులో ఒక చొక్కాల కొట్టు, దాని మూల చిన్న బల్ల, బల్ల వెనక చిరునవ్వుల మనిషి. బోర్డు మీద అందరికంటే ఎక్కువ ధర. నా పసుపు చూసి కూడా పర్వాలేదన్నాడు. వంద డాలర్లకి వాళ్ళ రూపాయలు పదిహేను లక్షల పైమాటే అని తెలిసి మంగతాయారు గుండె మీద చెయ్యి వేసుకుంది. “పదిహేను లక్షలే! మన మేడ కట్టడానికి కూడా అంత కాలేదు కదే!”

ఆ మనిషి నోట్లు కుప్పలుగా పేర్చాడు. హైమ లెక్కపెట్టింది, సరిపోయింది. అతను కట్ట సర్దుతానని మళ్ళీ తీసుకుని బల్లకేసి తాటించాడు. ఆ తాటింపులో నాలుగు నోట్లు బల్ల వెనక జారిపోయాయి. నేను చూశాను. అరుద్దామంటే నాకు నోరేదీ?

అతనిచ్చిన కట్టని హైమ మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. షాపులో ఆమెకి ఒకటే పద్ధతి. చివర లెక్కపెట్టే చెయ్యి తనదే కావాలి. లెక్కకి నాలుగు నోట్లు తగ్గాయి. కట్ట బల్ల మీద పెట్టి, నా కోసం చెయ్యి చాపింది. అతను చిరునవ్వు మడిచి లోపల పెట్టుకుని నన్ను తిరిగిచ్చేశాడు. కోడలి పక్కన నిలబడి మంగతాయారు అంతా చూసింది. ఫోన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

రోడ్డు చివర ఒకావిడ అప్పుడే తన డబ్బు మార్చే దుకాణం తలుపు తీసింది. ఆకు దొన్నెలో పూలూ కాసిని మెతుకులూ పెట్టి గడప ముందు ఉంచి దణ్ణం పెడుతోంది.

“ఇంకా బోణీ కాలేదత్తయ్యా. మనల్ని వెనక్కి పంపదు” అంది హైమ, తన షాపుకి కొత్త బేరం వచ్చినంత హుషారుతో.

ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, “కున్యిత్!” అంది. వాళ్ళు పసుపుని అలా అంటారు కాబోలు. ఇక్కడే అంతా సుఖాంతమైపోలేదు. అమ్మేవాళ్ళు ఎక్కడైనా అమ్మేవాళ్ళే. ఆవిడ కాలిక్యులేటర్ మీద బోర్డు ధర కంటే బాగా తక్కువ నొక్కి చూపించింది. హైమ చెరిపేసి తన అంకె నొక్కింది. అది అటూ ఇటూ నాలుగైదు సార్లు తిరిగింది. చివరికి ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

డబ్బు హైమకిచ్చి, ఆవిడ నన్ను పట్టుకుని బల్లకీ కుర్చీకీ సొరుగుకీ ఠపఠపా తాకించింది, బోణీ సొమ్ముకి అది వాళ్ళ ఆనవాయితీ. హైమ తన నోట్లు కళ్ళకద్దుకుంది. ఒకరినొకరు చూసుకుని, మాట తెలియని ఆ ఇద్దరు వ్యాపారులూ తలలు ఊపుకున్నారు.

ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉన్నాను. మిగతా డాలర్లు పొద్దున వచ్చి సాయంత్రం బ్యాంకుకి పోతాయి. నన్ను ఏ బ్యాంకూ తీసుకోదు కాబట్టి ఆవిడ ఉంచేసుకుంది. నాకేం దిగుల్లేదు, తిరిగి తిరిగి విసిగిపోయాను. ఒక్కటి మాత్రం తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. సొరుగు మూసుకునే లోపు ఆ రోజు నేను విన్న మాటలు.

“అమ్మాయ్, ఆ ఫోన్ ఇలా తే.”

“పనైపోయింది కదత్తయ్యా, ఇప్పుడెందుకు?”

“తెమ్మన్నానా!”

హైమ నంబరు కలిపి ఇచ్చి, గోడ మీది రేట్ల పట్టీ వైపు తిరిగి నిలబడింది. ఆ అంకెలేవీ ఆమెకి కనబడుతున్నట్టు లేదు.

“ఒరే సూరిబాబూ, షాపు తాళాలు జాగ్రత్తరా. మేం రాగానే మీ వదినకిచ్చెయ్యాలి... ఏంటీ? ఎన్నాళ్ళకా? అది చాలు మొర్రో అనేదాకా.”

అవతలి నుంచి గట్టిగా ఏవో మాటలు వినబడ్డాయి.

“ఇక్కడ సిగ్నల్ లేదురా, ఏం వినబడ్డం లేదు” అని మంగతాయారు ఫోన్ పెట్టేసి, కోడలి భుజం తట్టింది. “ఏడుపెందుకే పిచ్చిదానా? ఆకలేస్తోంది, పద.”