కొట్టి చూసి కొన్న స్విచ్చులు

సోమవారం నుంచి నేను టైపు చేసిన అక్షరాలు కాగితం దిగి వెళ్లిపోతున్నాయి. మండలాఫీసు ఎదురుగా రేకుల కొట్టంలో అర్జీలు కొట్టడం నా పని. నా కీబోర్డు మెత్తనిది, చప్పుడు చేయదు. చప్పుడు లేని అక్షరం నిలబడదని ఆఫీసు కిటికీలోని గుమాస్తా చెబుతున్నాడు. ఆయన అర్జీలు చదవడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

ఈ రోజు కొట్టవలసింది మా అక్క ఓబుళమ్మ అర్జీ. రికార్డులో ఆమె చనిపోయినట్టు ఉంది. బతికే ఉందని ఐదింటిలోపు రాసివ్వకపోతే రికార్డే ఖాయం. పొద్దున ఆమె నీళ్లు తెస్తుంటే బిందె తొణికిన చప్పుడే వినిపించింది, అడుగుల చప్పుడు లేదు. ఇప్పుడు కొట్టంలో ఆమె ఫ్యాను గాలికి కొంచెం పక్కకు జరుగుతోంది. నేను ఫ్యాను ఆపుతాను.

మూడింటికి ఇద్దరం కీబోర్డు సామాన్లమ్మే మస్తాన్ అంగడికి వెళ్తాం. మీటల కింద బిగించే స్విచ్చులు, బరువైనవి, గట్టిగా టక్కుమనేవి కావాలని అడుగుతాను. మస్తాన్ గంపలు తెచ్చి ఎండుగడ్డి మీద బోర్లిస్తాడు. ఎన్ని గ్రాముల బరువుకు దిగుతాయో, ఒక్క గంపకు తప్ప అన్నిటికీ చీటీ కట్టి ఉంది. అరవై, ఎనభై, నూట యాభై.

మేం కుమ్మరోళ్లం. అక్క ఒక్కో స్విచ్చునూ చెవి దగ్గర పట్టుకుని వేలి కణుపుతో కొడుతోంది. పగిలినవి పక్కన పెడుతోంది. ఆ పగుళ్లు నాకు కనబడవు.

“కొట్టి కాదమ్మా, నొక్కి చూడాల,” అంటాడు మస్తాన్.

“కుండను యాడన్నా నొక్కి కొంటారా?” అంటుంది అక్క.

చీటీ లేని గంపలో ఒకటి ఖంగుమంటుంది. అలాంటివే ఏరుకుంటాం. బరువెంతని నేను అడగను. మస్తాన్ చెప్పబోయి, అక్క పాదాలు నేలకు ఆనకపోవడం చూసి, స్విచ్చులు పొట్లం కడతాడు.

కొట్టానికి తిరిగొచ్చి కీబోర్డుకు బిగించేసరికి నాలుగున్నర. మొదటి మీటను వేలితో నొక్కుతాను. దిగదు. పిడికిలితో, మోచేత్తో, మోకాలితో. చివరికి ఎక్కి తొక్కుతాను. అరవై ఏడు కిలోల మనిషిని, మీట వెంట్రుకంత కూడా కదలదు. ఎదురుగా గుమాస్తా కిటికీ ఒక రెక్క మూస్తున్నాడు.

“నన్ను ఎక్కించురా,” అంటుంది అక్క.

“నీకు బరువు యాడుందక్కా?”

“బతికుండేది నేను. నువ్వు తొక్కితే ఎట్ల దిగుతాది?”

ఎత్తి నిలబెడతాను. ఆరిన చీరంత బరువే ఉంది. మీట దిగుతోంది. దాంతోపాటు అక్క కూడా, మోకాళ్ల దాకా, నడుము దాకా, కొప్పు దాకా. లోపల ఎక్కడో టక్కుమంటుంది. మీట ఒక్కటే పైకొస్తుంది. కాగితం మీద ‘బ’ ఉంది. ఊదినా కదలదు.

వీధి చివర టీ అంగడి కిందికి దిగి, టక్కుమని, లేస్తుంది. తర్వాత బస్టాండు. తర్వాత మిద్దెలు వరసగా. జనం చేతుల్లో గిన్నెలతోనే దిగి, గిన్నెలతోనే లేస్తున్నారు. టక్కుమన్నప్పుడల్లా నా కాగితం మీద ఒక అక్షరం పడుతోంది. అవి అక్క అడుగులే, వాటి మధ్య ఎడం నాకు తెలుసు. ఆమె ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది.

‘బతికే ఉం’ దాకా పడింది. గుమాస్తా రెండో రెక్క మీద చెయ్యి వేసి వింటున్నాడు. ఐదవడానికి నిమిషముంది. మండలాఫీసు జెండా కర్రతో సహా మెల్లగా దిగుతుంది. చివరి అక్షరం పడుతుంది.

ఆఫీసు లేస్తుంది. కిటికీలో, గుమాస్తా కుర్చీలో, ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఇంకా కాల్చని పచ్చికుండ ఒకటి కూర్చుని ఉంది. అర్జీ తీసుకెళ్లి దాని మూతి దగ్గర పెట్టి, కుండను వేలి కణుపుతో కొడతాను. లోపల ఎవరో ఎడమకాలు ఈడుస్తూ, బరువుగా, మెట్లెక్కి వస్తున్నారు.