చిక్కుడు ఎక్కడికీ వెళ్ళదు

ధరణి ఆ పాముకి చిక్కుడు అని పేరు పెట్టింది. చూపుడువేలంత లావు కూడా లేదు. మూరెడున్నర పొడవు, లేత చిక్కుడుకాయ రంగు, పొట్ట దగ్గర కాస్త పసుపు. విషం లేదు. తినేది మిడతలు, కీచురాళ్ళు, గొంగళిపురుగులు. మనిషి నీడ పడితే ఆకుల మధ్య కొమ్మలా బిగుసుకుపోతుంది.

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ధరణి శనివారాలు ఊరి బయట ఒక జంతువుల షెల్టర్‌లో పని చేసేది. దేశం వదిలి వెళ్తూ ఎవరో రెండు పచ్చపాముల్ని అక్కడ ఇచ్చి వెళ్ళారు. వారం తిరక్కుండా ఒకటి చచ్చిపోయింది. రెండోది తిండి మానేసింది. చప్పుడు లేని గదిలో ఉంచితే బతకొచ్చేమో అన్నాడు డాక్టరు. అక్కడ పొద్దస్తమానం కుక్కలు మొరుగుతూనే ఉంటాయి.

"మా ఇంట్లో ఉంచుతాను," అంది ధరణి.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. వెంకట్ అందరికంటే పెద్దవాడు, హనుమకొండ అతనిది. ఆరేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం. లీజులో నలుగురి పేర్లూ ఉన్నా ఇల్లు వెతికి పట్టింది తనే కాబట్టి పెత్తనమూ తనదే. ధరణి పక్క గదిలో కరీంనగర్ అమ్మాయి మైథిలి, కింద గదిలో గుంటూరు నుంచి వచ్చిన నితీష్.

"గాజుపెట్టె ఒకటి తెచ్చుకుంటానన్నయ్యా, నా గదిలోనే ఉంటుంది," అని ధరణి ముందే అడిగింది.

"చేపలా? తెచ్చుకో, మంచిదే," అన్నాడు వెంకట్.

ధరణి నవ్వి ఊరుకుంది. ఔననలేదు, కాదనలేదు.

పెట్టెలో కొమ్మలు, ఆకులు అమర్చింది. పైన వెచ్చటి దీపం పెట్టింది. ఎనిమిది రోజులు పాము ఏమీ తినలేదు. తొమ్మిదో రోజు ఉదయం కొమ్మ చివర కూర్చున్న కీచురాయి వైపు మెల్లగా మెడ చాచి, ఒక్క పట్టున అందుకుంది. ధరణి క్లాసు సంగతి మరిచిపోయి అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

పాములంటే ఇష్టం ఎందుకని షెల్టర్‌లో ఎవరో అడిగితే ఆమె చెప్పలేకపోయింది. పార్వతీపురంలో వాళ్ళ పెరట్లో చిక్కుడు పందిరి ఉండేది. తొమ్మిదేళ్ళ వయసులో ఆ పందిరి మీద పసిరిక పాముని మొదటిసారి చూసింది. తీగలో తీగలా ఉండి, ముక్కు ముందుకు చాచి తననే చూస్తోంది. సంబరం పట్టలేక లోపలికి పరిగెత్తి నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. నాన్న శేషగిరి కర్ర అందుకున్నాడు. "కళ్ళు పొడుస్తుందమ్మా, నీకు తెలీదు," అంటూ రెండు దెబ్బల్లో చంపేశాడు. చూపించింది తనే. చాలాకాలం ఆ పందిరి కాయలు కూరొండితే ధరణి ముట్టుకోలేదు.

నాలుగో వారం మైథిలి చార్జర్ కోసం ధరణి గదిలోకి వచ్చింది. గాజుపెట్టెలో చేపలు కనిపించలేదు. ఆమె కేక వీధి చివరిదాకా వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నం కిచెన్‌లో నలుగురూ కూర్చున్నారు.

"చేపలని చెప్పి పాము తెస్తవా?" అన్నాడు వెంకట్.

"చేపలని నేననలేదు. మీరన్నప్పుడు కాదనలేదు, అది నా తప్పు. దానికి సారీ చెప్తున్నాను. పాముని తెచ్చినందుకు మాత్రం చెప్పను."

"దేవుడి పటాలున్న ఇల్లిది. రేపు బయటకొస్తే ఎవరి కంచంల పడ్తదో!"

"గత నాలుగు వారాలూ మీరు నిద్రపోయినప్పుడు అది పైనే ఉందన్నయ్యా. ఎవరి కంచంలోనూ పడలేదు. తాళం వేసే పెడతాను."

"నాకు భయం, ధరణీ," అంది మైథిలి. "గోడ అవతల్నే పంటున్న నేను."

ఆ మాట ధరణికి తగిలింది. "నీ భయం నాకర్థమవుతోంది. రోజుకి రెండుసార్లు తాళం ఫొటో పంపుతాను. ఇంకేం చెయ్యమన్నా చేస్తాను. తీసెయ్యమని మాత్రం అడక్కు. షెల్టర్‌కి తిరిగి పంపితే తిండి మానేసి చస్తుంది."

వెంకట్ కుర్చీ వెనక్కి జరిపాడు. "శనివారం దాకా టైమిస్తున్న. పామన్నా పోవాలె, నువ్వన్నా పోవాలె."

"లీజులో నా పేరుంది. నేను వెళ్ళను. అదీ వెళ్ళదు," అంది ధరణి.

ఈ ఊళ్ళో మరో గది దొరకడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు.  అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఇంటి వాట్సాప్ గ్రూపులోంచి ఆమె పేరు పోయింది. వంటల వంతు కాగితం మీద ఆమె పేరు కొట్టేశారు. ఆమె గిన్నెల్ని వేరే అలమరలోకి మార్చారు. ధరణి తన అన్నం తాను వండుకుని, అందరితోపాటు అదే బల్ల దగ్గర కూర్చుని తింది. గదిలోకి కంచం తీసుకెళ్ళలేదు. తాళం ఫొటోలు మైథిలికి విడిగా పంపుతూనే ఉంది.

బుధవారం నాన్న ఫోన్ చేశాడు. వెంకట్ ఎలాగో నంబరు సంపాదించి చెప్పేశాడన్నమాట.

"నలుగురిలో తల దించుకునే పనేటమ్మా ఇది? పాముని పెంచుతావా?"

"నాన్నా, మన చిక్కుడు పందిరి మీద మీరొక పాముని చంపారు. గుర్తుందా?"

"ఎప్పుడు?" అన్నాడు శేషగిరి. "అలాటివి ఎన్ని చంపలేదమ్మా."

"అది నేను చూపించింది. ఈసారి చూపించమన్నా చూపించను."

 "జాగర్త," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం తెల్లవారుజామున తుఫాను వచ్చింది. పడమటి తీరమంతా చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. పొద్దుటికి ఇంట్లో దీపం లేదు, హీటింగ్ లేదు. ఆ కరెంటు మర్నాటి దాకా రాదని తేలింది. గాలి తగ్గాక, మధ్యాహ్నానికి నితీష్ స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. వాళ్ళ వైపు కరెంటు ఉందట, అందరినీ రమ్మన్నాడు.

వెంకట్ కారు తీశాడు. ధరణి మెట్ల మీద నిలబడి, "చిక్కుడుని సంచిలో పెట్టి నా ఒళ్ళోనే ఉంచుకుంటాను," అంది.

"పాముతోని నా కార్ల ఎక్కనియ్య."

"అయితే నేనూ రాను."

"పాము కోసం చలిల చస్తవా?"

"దానికి చలైతే ఎక్కడికి వెళ్తుందన్నయ్యా? మనకైతే కారుంది."

మైథిలి వెనక సీట్లోంచి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. కారు వెళ్ళిపోయింది.

ధరణి చిక్కుడుని మెత్తటి దిండు గలీబులోకి దించి మూతి కట్టింది. దాన్ని స్వెటర్ లోపల పొట్టకి ఆనించుకుంది. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి నీళ్ళు కాచి సీసాల్లో పోసింది, చారు పెట్టుకుంది. ఉన్న రెండు దుప్పట్లూ కప్పుకుని కిచెన్‌లోనే కూర్చుంది. ఊపిరి పొగలా కనిపిస్తోంది. గంటకోసారి గలీబు మీద చెయ్యి వేసి చూసేది. ఏ కదలికా లేకపోతే చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచేది. కాసేపటికి బట్ట కింద సన్నగా పాకినట్టు తెలిసేది. ఫోన్ చార్జింగ్ సాయంత్రానికే అయిపోయింది. ఒక్కతే అలా కూర్చుని ఉంటే ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. వెళ్ళాల్సిందని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

శనివారం పదకొండుకి కరెంటు వచ్చింది. ఆ తర్వాత గంటకి కారు ఆగింది. ముందుగా లోపలికి పరిగెత్తింది మైథిలి.

"రాత్రంత ఫోన్ చేసిన. స్విచాఫ్ వచ్చింది," అంది. ధరణి చేతులు పట్టుకుంటే మంచుముక్కల్లా ఉన్నాయి. "అదేది?"

ధరణి స్వెటర్ చూపించింది. మైథిలి రెండడుగులు వెనక్కి వేసింది గానీ పారిపోలేదు. "బతికున్నదా?"

"బతికే ఉంది."

వెంకట్ సంచి కింద పెట్టాడు. "శనివారం ఇయ్యాల," అన్నాడు.

"గుర్తుంది. నా జవాబు మారలేదు," అంది ధరణి. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మీ ముగ్గురూ కలిసి కాగితం రాసి ఇంటి ఓనరుకివ్వండి. నేనూ రాస్తాను. ఎవర్ని పొమ్మంటారో చూద్దాం."

"రాస్తం. ముగ్గురం సంతకం పెడ్తం."

"నేను పెట్ట," అంది మైథిలి.

వెంకట్ ఆమె వైపు తిరిగాడు. "గోడ అవతల పంటున్నననేగద ఏడ్సినవ్?"

"ఇప్పటికీ భయమే. నిన్న ఈ పిల్లను వదిలిపెట్టి కారెక్కిన. ఇయ్యాల ఎల్లగొట్టనీకి సంతకం పెట్టమంటే నా చెయ్యి రాదన్నా. గోడ పక్కనున్న నాకే వద్దనిపిస్తలేదు. నీకేంది?"

నితీష్ నేల చూపులు చూశాడు. "వదిలెయ్ అన్నా," అన్నాడు.

వెంకట్ సంచి తీసుకుని పైకి వెళ్ళాడు. కాగితమేదీ ఓనరుకి చేరలేదు. రెండు నెలల తర్వాత అతను ఆఫీసుకి దగ్గర్లో వేరే ఇల్లు చూసుకున్నాడు. ధరణి పాము వల్లే పోవాల్సొచ్చిందని లిమరిక్‌లో కనిపించిన తెలుగువాళ్ళందరికీ చెప్పాడు. దుకాణంలో ఎవరైనా "ఆ పాము అమ్మాయివి నువ్వేనా?" అనడిగితే ధరణి, "నేనే," అనేది.

మైథిలి మాత్రం ఇప్పటికీ తలుపు తట్టి, "పెట్టెలనే ఉన్నదా?" అనడిగి, ఉందంటేనే లోపలికి వస్తుంది.